కందకం తవ్వే చేతుల్లో మనవీ ఉండాలి

కొత్తచెరువులో ఒక జుమా నమాజు ముగిసిన తర్వాత మసీదు మెట్ల దగ్గర ఒక సోదరుడు మమ్మల్ని ఆపాడు. మగ్గం మీద బతికే కుటుంబం. మాట మొదలుపెట్టడానికే కాసేపు తటపటాయించాడు.

"హజ్రత్, మా పెద్దమ్మాయి కంప్యూటర్ సైన్సులో ఎం.టెక్. చదువుతోంది. యూనివర్సిటీలో ఏదో పరిశోధన పని ఉందట. డబ్బు రక్షణ శాఖదట. సైబర్ భద్రత మీద పని అంటోంది. చేరమంటారా, వద్దంటారా? ఆయుధాల జోలికి మనం పోవచ్చునా? పోయినా మనల్ని నమ్ముతారా? రేపు ఆ పిల్ల చేసిన పని ఏ అమాయకుడి మీదనో పడితే ఆ పాపం ఎవరిది?"

ఒక్క ఊపిరిలో మూడు ప్రశ్నలు అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి ప్రశ్నకే మేము తొందరపడి జవాబు చెప్పాము. మా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు వారసత్వపు వాటాల లెక్కలు కాగితం కలం లేకుండా నోటితో తేల్చేవాడు. వాడిని కంప్యూటర్ చదువుకు పంపనా అని వాడి తండ్రి అడిగాడు. "ఆ చదువులో పడితే దీన్ పోతుంది, వద్దు" అన్నాము. తండ్రి మా మాట మన్నించాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు గల్ఫులో బండి నడుపుతున్నాడు. అది కష్టార్జితమే, హలాల్ సంపాదనే. కానీ అల్లాహ్ వాడికిచ్చిన తెలివికి తగిన పని అది కాదు. ఆ తప్పు మాది. అందుకే ఈసారి వారం రోజులు గడువు అడిగాము. పుస్తకాలు తిరగేశాము, తెలిసిన వారిని అడిగాము. ఆ సోదరుడికి చెప్పిన జవాబునే ఈ పేజీ చదివే కుటుంబాలన్నిటి ముందూ పెడుతున్నాము.

మదీనా కందకం

హిజ్రీ 5వ సంవత్సరం. మక్కా ఖురైషులు, వారి మిత్ర తెగలు కలిసి మదీనా మీదికి దండెత్తి వస్తున్నారు. పట్టణంలో ఉన్న బలగం తక్కువ. అప్పుడు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఒక సలహా ఇచ్చారు. గుర్రాలు దూకలేనంత వెడల్పున పట్టణం చుట్టూ తెరపిగా ఉన్న వైపు కందకం తవ్వుదామన్నారు. అది పర్షియా దేశపు పద్ధతి. అరబ్బులకు అంతకు ముందు తెలియదు. మహాప్రవక్త (స) ఆ సలహాను అంగీకరించారు. అంగీకరించి ఊరుకోలేదు, స్వయంగా మట్టి మోశారు. ఆ యుద్ధానికి కందకం పేరే నిలిచిపోయింది.

ఇందులో మనం గమనించవలసినవి మూడు. మొదటిది, పరాయి దేశపు విద్య అయినా ప్రజల ప్రాణాలు కాపాడేదైతే నేర్చుకోవడం సున్నతుకు విరుద్ధం కాదు. రెండవది, కందకం ఎవరినీ చంపడానికి తవ్వేది కాదు, వచ్చేవాడిని ఆపడానికి తవ్వేది. మూడవది, సల్మాన్ ఎక్కడివాడు, ఏ జాతివాడు అని ఎవరూ సందేహించలేదు. ముహాజిర్లు మావాడన్నారు, అన్సార్లు మావాడన్నారు. ప్రవక్త (స) ఆయన మా ఇంటివాడన్నారు.

అంతకు ముందే కుదిరిన మదీనా ఒప్పందం సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆ పట్టణంలో ఉన్న ముస్లిములు, యూదులు ఎవరి మతం వారు పాటిస్తూనే, బయటి దాడి వస్తే కలిసి ఎదుర్కోవాలని అందులో ఉంది. ఉన్న ఊరిని, పొరుగువారితో కలిసి కాపాడుకోవడం మన ధర్మంలో మొదటినుంచీ ఉన్న బాధ్యత. ఈ దేశం మన ఊరు. దీని కావలి మన కావలి కూడా.

ఈనాటి కందకం కనబడదు

ఈనాడు శత్రువు గుర్రమెక్కి రానవసరం లేదు, తీగ వెంట వస్తాడు. 2019లో తమిళనాడు కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఒక కంప్యూటరుకు దొంగ సాఫ్ట్‌వేర్ సోకిందని ఆ సంస్థే అక్టోబరు 30న ఒప్పుకుంది. ఆ కంప్యూటర్ ఇంటర్నెట్‌తో కలిసి ఉన్న కార్యాలయ పనులది. రియాక్టర్‌ను నడిపే యంత్రాంగం వేరుగా, దానికి అందకుండా ఉంది. అలా వేరుగా ఉంచడమే కందకం. అది లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లను దుండగులు స్తంభింపజేశారు. రోజుల తరబడి రోగుల చీటీలు చేత్తో రాయవలసి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పేదలు వరుసల్లో నిలబడ్డారు. వారిలో హిందువెవరు, ముస్లిమెవరు అని ఆ దాడి చేసినవాడు చూడలేదు.

మన ప్రాంతం వారికి చెరువు ఉపమానం చెబితే సులభంగా తెలుస్తుంది. చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, మరవ ఉంటుంది. నీరు ఎక్కడ, ఎంత, ఎవరి మాట మీద వదలాలో పెద్దలు నిర్ణయిస్తారు. కానీ కట్టలో ఒక ఎండ్రకాయ బొరియ చేసినా చాలు, వానాకాలంలో ఊరు మునుగుతుంది. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. లక్షల వరుసల రాతలో ఒక్క పొరపాటు దొరికితే దాంట్లో నుంచి శత్రువు దూరతాడు. ఆ బొరియలను శత్రువుకన్నా ముందు వెతికి పూడ్చడమే సైబర్ భద్రత. లక్షల వరుసలను మనిషి కన్ను ఒక్కటే చూడలేదు. అందుకే కృత్రిమ మేధ వచ్చింది. రోజూ జరిగే వ్యవహారం ఎలా ఉంటుందో యంత్రానికి అలవాటు చేస్తారు. దానికి భిన్నంగా ఏదైనా జరిగితే అది హెచ్చరిస్తుంది. రాత్రిపూట కట్ట మీద నడిచే కావలివాడి పని అది.

ఈ పని యూనివర్సిటీలలో ఎందుకు జరుగుతుంది? మిలిటరీ వారే చేసుకోవచ్చు కదా అని ఆ సోదరుడు కూడా అడిగాడు. కొత్త గణితం, కొత్త పద్ధతి పుట్టేది ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చునే చోట. అలాంటి చోటు విద్యాలయం. పైగా ప్రతి ఏటా కొత్త బుర్రలు వచ్చేది కూడా అక్కడికే.

హైదరాబాదులో జరిగిన కథ

ఇది మన తెలుగు నేల మీదే రుజువైంది. 1982లో డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చారు. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని - ఇవి ఆ కార్యక్రమంలోని క్షిపణులు. ఆ పని అంతా కంచన్‌బాగ్ గోడల మధ్యే జరిగిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కలాం గారు విద్యాలయాల తలుపులు తట్టారు.

ఆకాశ్ క్షిపణి ఒకేసారి అనేక లక్ష్యాలను గుర్తించాలి. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ పని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో జరిగింది. అగ్ని పైకి పోయి తిరిగి వాతావరణంలోకి దిగే భాగం రూపకల్పనలో మద్రాసు ఐ.ఐ.టి. యువకులు పనిచేశారు. క్షిపణికి దారి చూపే లెక్కల పద్ధతి మీద కలకత్తాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో పనిచేశారు. నాగ్ క్షిపణికి సంకేతాలను విడదీసి చదివే అల్గారిథాలను మన ఉస్మానియా యూనివర్సిటీలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగం తయారుచేసింది. ఈ సంగతులన్నీ కలాం గారి ఆత్మకథలోనే ఉన్నాయి. 1999లో వచ్చిన ఆ పుస్తకం తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో దొరుకుతుంది. ప్రతి ఇంట్లో ఉండదగిన పుస్తకం.

ఆ రోజుల్లో బయటి దేశాలు మనకు సహాయం చేయలేదు. 1987లో కొన్ని దేశాలు కూడి క్షిపణి విద్య ఇతరులకు అందకుండా కట్టుబాటు చేసుకున్నాయి. సూపర్ కంప్యూటర్ అడిగితే అమెరికా సవాలక్ష షరతులు పెట్టింది. దాంతో మనవాళ్ళు సొంతంగా చేసుకున్నారు. 1988లో పుణెలో సి-డాక్ స్థాపించారు. 1991కి పరమ్ 8000 తయారైంది. హైదరాబాదులోనే అనురాగ్ అనే సంస్థ క్షిపణులకు కావలసిన గాలి ప్రవాహపు లెక్కల కోసం పేస్ అనే సమాంతర కంప్యూటర్ రూపొందించింది. 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పృథ్వి లేచింది. 1989 మే 22న అగ్ని లేచింది.

ఈ కథకు ముందు మరో చిన్న కథ ఉంది. మన తల్లులు, అక్కచెల్లెళ్ళు వినవలసిన కథ అది. రామేశ్వరం కుర్రవాడికి మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది. కట్టవలసింది వెయ్యి రూపాయల దాకా. తండ్రి దగ్గర అంత సొమ్ము లేదు. అప్పుడు అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువ పెట్టింది. అగ్ని లేచిన వెలుగులో ఆ గాజుల వెలుగు కూడా ఉంది. మనం పిల్లల నికాహ్‌లకు, విందులకు, బైకులకు ఖర్చు చేసేటప్పుడు ఆ అక్కను గుర్తు చేసుకోవాలి.

దూరం పోనవసరం లేదు

కలాం గారు ఒక్కరే, అలాంటివారు మళ్ళీ రారు అని కొందరు అంటారు. రానివ్వకపోతే ఎలా వస్తారు? 2018 నుంచి 2022 వరకు డి.ఆర్.డి.ఓ. అధిపతిగా పనిచేసిన జి. సతీష్ రెడ్డి గారు ఇంజనీరింగ్ చదివింది మన అనంతపురం జె.ఎన్.టి.యు. కాలేజీలోనే. కొత్తచెరువు నుంచి పొద్దున బస్సెక్కితే చేరుకోగలిగిన కాలేజీ అది. అగ్ని-4, అగ్ని-5 ప్రాజెక్టులకు సారథ్యం వహించింది టెస్సీ థామస్ అనే మహిళ. ఆడపిల్లకు ఈ రంగం ఎందుకు అనేవారికి ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

బెంగళూరులో 1986 నుంచే కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రం రక్షణ రంగం కోసం పనిచేస్తోంది. 2020 జనవరి 2న ప్రధానమంత్రి అయిదు యువ శాస్త్రవేత్తల ప్రయోగశాలలను జాతికి అంకితం చేశారు. వాటిలో పనిచేసేవారు 35 ఏళ్ళ లోపు వారే కావాలని నియమం. అందులో బెంగళూరు శాలది కృత్రిమ మేధ, హైదరాబాదు శాలది కొత్త రకం పదార్థాలు. హైదరాబాదు ఐ.ఐ.టి.లో, సెంట్రల్ యూనివర్సిటీలో డి.ఆర్.డి.ఓ. తోడ్పాటుతో పరిశోధన కేంద్రాలున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోనే మన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరుతో వెలసిన సంస్థలో రహస్య లిపుల గణితం మీద పని జరిగింది. మన జిల్లాలోనే గోరంట్ల మండలం పాలసముద్రం వద్ద భారత్ ఎలక్ట్రానిక్స్‌కు రక్షణ వ్యవస్థల తయారీ కోసం భూమి కేటాయించారు.

2025 మే నెల మన జిల్లాకు మరపురానిది. అదే గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అనే యువ సైనికుడు సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖం మన దుఃఖం. అదే రోజుల్లో శత్రువు పంపిన డ్రోన్లను, క్షిపణులను ఆకాశంలోనే ఆపిన వ్యవస్థల్లో కలాం గారి కాలంలో పుట్టిన ఆకాశ్ క్షిపణి ఉంది. రాడార్ల సమాచారాన్ని ఒకచోట చేర్చి ఎవరు దేన్ని కొట్టాలో తేల్చే ఆకాశ్‌తీర్ కూడా ఉంది. దానిని తయారుచేసింది భారత్ ఎలక్ట్రానిక్స్. ఒక విద్యాలయంలో ఎప్పుడో 40 ఏళ్ళ కిందట మొదలైన లెక్క ఈనాడు ఎందరి ఇళ్ళ కప్పులను కాపాడిందో ఆలోచించండి. సరిహద్దులో నిలబడే బిడ్డకు వెనుక నుంచి తోడుగా నిలబడేది ఆ లెక్కే.

ఇది మనది కాని విద్య కాదు

అల్గారిథం అనే మాటే బగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. 9వ శతాబ్దంలో ఆయన రాసిన బీజగణితం పుస్తకంలో పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలకే సరిపోయింది. మా మదరసాలో ఆ కుర్రవాడు నోటితో తేల్చిన లెక్కలు అవే. కంప్యూటరుకు, మదరసాకు మధ్య గోడ ఉందని మేము ఆనాడు అనుకున్నాము. ఆ గోడ మా బుర్రలోనే ఉంది.

అదే శతాబ్దంలో అల్ కిందీ రహస్య లిపులను విప్పే విద్య మీద గ్రంథం రాశారు. ఆ పద్ధతి చాలా తేలిక. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు వస్తాయి, కొన్ని తక్కువ. రహస్య లేఖలో ఎక్కువసార్లు కనబడే గుర్తు ఏదో లెక్కపెట్టి, భాషలో ఎక్కువగా వచ్చే అక్షరంతో జత కలిపితే ముడి విడుతుంది. ఈనాటి సైబర్ నిపుణులు కూడా ఆయనను ఈ శాస్త్రానికి ఆద్యుడిగా చెప్పుకుంటారు.

ఇంకా వెనక్కి పోతే మహాప్రవక్త (స) జీవితంలోనే ఉదాహరణలు కనబడతాయి. పరభాషలో వచ్చే ఉత్తరాలను ఇతరుల మీద ఆధారపడి చదివించుకోవడం క్షేమం కాదని, హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆ భాష నేర్చుకోమని ఆదేశించారు. ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారు. ముద్ర లేని ఉత్తరాలను రాజులు స్వీకరించరని తెలిసినప్పుడు వెండి ఉంగరం మీద ముద్ర చెక్కించారు. ఈ ఉత్తరం నిజంగా పంపినవాడిదే అని నిరూపించే పనిని ఈనాడు డిజిటల్ సంతకం చేస్తోంది.

మన నేత సోదరుల సంగతే చూడండి. ధర్మవరం పట్టుచీర అంచులో హంస దిగాలంటే జకార్డు అట్టలకు చిల్లులు పెట్టాలి. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఉన్నది, లేనిది - ఈ రెండు మాటలతోనే కంప్యూటర్ కూడా మాట్లాడుతుంది. ఫ్రాన్సులో 19వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఆ మగ్గాన్ని చూసే ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడు. కాబట్టి ఆ సోదరుడితో ఇలా అన్నాము: "భాయీ, నీ కూతురు కొత్త పని నేర్వడం లేదు. నీ మగ్గం పనినే ఇంకో మెట్టు పైకి తీసుకుపోతోంది."

హద్దులు మరువరాదు

ఇక మూడవ ప్రశ్న. అన్నిటికన్నా బరువైనది ఇదే. ఆ పని అమాయకుడి మీద పడితే?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. అన్ఫాల్ సూరా 60వ ఆయతులో శక్తి కొద్దీ సన్నద్ధంగా ఉండమన్న ఆదేశం ఉంది. వెంటనే 61వ ఆయతులో ఎదుటివారు శాంతికి మొగ్గితే మీరూ మొగ్గండి అన్న ఆదేశం ఉంది. ఈ రెండిటినీ విడదీసి చదవరాదు. ఒక అమాయకుడి ప్రాణం తీయడం సర్వ మానవాళిని చంపడంతో సమానమని మాయిదా సూరా హెచ్చరిస్తోంది. ఇతరుల గుట్టు వెతకవద్దని హుజురాత్ సూరా, అనుమతి లేనిదే పరుల ఇంట్లోకి అడుగు పెట్టవద్దని నూర్ సూరా చెబుతున్నాయి. ఇవి కంప్యూటర్ తలుపులకు కూడా వర్తిస్తాయని మా నమ్మకం.

గాజాలో దాడి చేయవలసిన మనుషుల పేర్ల జాబితాలను కృత్రిమ మేధ తయారుచేసిందని 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ పాత్రికేయులే రాశారు. అక్కడి సైన్యం ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. ఏది ఏమైనా ఆ వార్త చదివిన మన యువకులు ఈ విద్య అంటేనే అసహ్యించుకుంటున్నారు. వారి బాధ న్యాయమైనదే. మన దగ్గర కూడా హైదరాబాదు వీధుల్లో ముఖాలను గుర్తించే యంత్రాల వాడకం మీద ఒక పౌరుడు హైకోర్టుకు వెళ్ళాడు. దేశాన్ని కాపాడే కన్ను పౌరుడి ఇంట్లోకే తొంగిచూస్తే అది కందకం కాదు, కన్నం.

అయితే దీనికి మందు దూరంగా ఉండడమా? మేము అలా అనుకోము. యంత్రం దేన్ని చూసి నేర్చుకోవాలో నిర్ణయించేది మనిషి. ఆ గదిలో మన వీధి గురించి, మన పేర్ల గురించి, మన గడ్డాల గురించి, మన పర్దా గురించి తెలిసినవాడు ఒక్కడు లేకపోతే ఆ యంత్రం మనల్ని అపార్థం చేసుకోవడంలో వింతేముంది? "ఇది తప్పు, ఇలా చేస్తే నిర్దోషి చిక్కుకుంటాడు" అని చెప్పగలిగేవాడు లోపల ఉండాలి. 2018లో అమెరికాలో గూగుల్ సంస్థ సైన్యం డ్రోన్ల చిత్రాలను విశ్లేషించే ఒప్పందం చేసుకుంటే, ఆ సంస్థ ఉద్యోగులు వేల సంఖ్యలో సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు. సంస్థ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. వారి మాట చెల్లడానికి కారణం వారు ఆ పని తెలిసినవారు కావడం. వీధిలో నిలబడి కేక వేసేవాడి మాటకన్నా బల్ల ముందు కూర్చున్నవాడి మాట బరువైనది.

కాబట్టి ఆ అమ్మాయికి మూడు షరతులు చెప్పమన్నాము. కాపాడే పనిలో సందేహించకుండా చేరు. ప్రాణం తీసే నిర్ణయాన్ని మనిషి చేతిలో నుంచి తీసి యంత్రానికి అప్పగించే పని అడిగితే ప్రశ్నించు, కాదనే ధైర్యం పెట్టుకో. నీకు తెలిసిన రహస్యం అమానతు, దాన్ని ప్రాణం పోయినా దాటించకు. అమానతులో ద్రోహం చేయడం కపటుల లక్షణమని హదీసుల్లో ఉంది. ఈ మూడూ పాటించే ముస్లిం శాస్త్రవేత్త దేశానికీ నమ్మకమైనవాడు, అల్లాహ్ ముందూ తలెత్తుకోగలవాడు.

నమ్ముతారా?

ఇక రెండవ ప్రశ్న. ఇది మా గుండెకూ గుచ్చుకున్నది. మన పేరు చూసి వెనక్కి పంపుతారేమో అన్న భయం ఇళ్ళలో ఉంది. ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు కొందరికి ఎదురైన అనుభవాలున్నాయి. అది లేదని మేము అబద్ధం చెప్పము. పేరు చూసి మనిషిని తూచేవారు దేశానికే నష్టం చేస్తున్నారని కూడా గట్టిగానే చెబుతాము.

కానీ డి.ఆర్.డి.ఓ.లో శాస్త్రవేత్త ఉద్యోగానికి గేట్ పరీక్ష మార్కులు, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి. దరఖాస్తే పెట్టనివాడిని ఎవరు తిరస్కరించారు? తలుపు తట్టకుండానే మూసి ఉందని వెనుదిరిగితే అది మన తప్పు. కలాం గారు ఈ దేశ క్షిపణులకు పెద్ద దిక్కయ్యారు, 2002 నుంచి 2007 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 2025 మేలో సైన్యం తరఫున దేశం ముందు నిలబడి మాట్లాడిన అధికారిణి కర్నల్ సోఫియా ఖురైషీ. వీరికి నమ్మకం దానంగా రాలేదు. పని చేసి సంపాదించుకున్నారు.

మన అసలు అడ్డంకి గేటు దగ్గర కాదు, బడి దగ్గర ఉంది. 2006 నాటి సచార్ కమిటీ నివేదికను చూస్తే ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 65.1 శాతం. మదరసాలే వెనుకబాటుకు కారణమనే వారికి కూడా ఆ నివేదికలోనే జవాబుంది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలో పూర్తిగా చదివేది సుమారు 3 శాతమే. తక్కిన పిల్లలు మామూలు బళ్ళలోనే ఉన్నారు, లేదా ఏ బడిలోనూ లేరు. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో తప్పినవాడు గేట్ దాకా ఎలా పోతాడు?

మనం చేయగలిగింది

మసీదు కమిటీల పెద్దలకు మా విన్నపం ఇది. అసర్‌కు, మగ్రిబ్‌కు మధ్య మసీదు గది ఖాళీగా ఉంటుంది. వారంలో మూడు రోజులు అక్కడ లెక్కలు చెప్పించండి. ఊళ్ళో చదువుకున్న ఏ మతం ఉపాధ్యాయుడు వచ్చినా గౌరవంగా పిలవండి. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన బందీలు మదీనా పిల్లలకు పదిమందికి చదువు నేర్పితే విడుదల చేస్తామన్న చరిత్ర మనది. ఎదిరించి పోరాడినవాడి దగ్గరే చదువు నేర్చుకున్నవాళ్ళం, పొరుగువాడి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గెందుకు?

జకాతుకు అర్హులైన పేద విద్యార్థులు మన వీధిలోనే ఉన్నారు. ఒక పిల్లవాడి ఇంజనీరింగ్ ఫీజు నాలుగు కుటుంబాలు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలు దారి మూసుకుపోయిందని అనుకోనవసరం లేదు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విద్య ఉంది. ఆడపిల్ల హాస్టలులో ఉండాలంటే భయపడే తల్లులు ముందు ఆ హాస్టలును వెళ్ళి చూడండి, అక్కడి ఆడపిల్లలతో మాట్లాడండి, ఆ తర్వాత నిర్ణయించండి. చూడకుండానే వద్దనకండి.

ఇంట్లో కూడా కందకం తవ్వుకోవాలి. ఒక వార్త వస్తే విచారించనిదే నమ్మవద్దని హుజురాత్ సూరా 6వ ఆయతులో ఆదేశం ఉంది. 2025 మేలో సరిహద్దు ఘర్షణ జరిగిన రోజుల్లో పాత వీడియోలు, కల్పిత చిత్రాలు ఎన్ని ఫోన్లలో తిరిగాయో మనం చూశాము. పంపినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. అబద్ధపు వార్తను పక్కవాడికి పంపినవాడు శత్రువు పనిని ఉచితంగా చేసిపెట్టినవాడే. ఓ.టి.పి. అడిగినవాడికి చెప్పకండి. పోలీసుల పేరుతో వీడియోలో బెదిరించేవాడికి డబ్బు పంపకండి. మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి.

ఆ సోదరుడు మా మాట అంతా విని కాసేపు మౌనంగా ఉన్నాడు. "అయితే పంపిస్తాను హజ్రత్. కానీ వాళ్ళ అమ్మ భయపడుతోంది" అన్నాడు. జొహరా అక్క గాజుల కథ ఆమెకు చెప్పమన్నాము. వాడు నవ్వాడు. "గాజులు ఇప్పటికే కుదువలో ఉన్నాయి హజ్రత్, ఎం.టెక్. ఫీజు కోసం ఆమే పెట్టింది" అన్నాడు.

మాకు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. మేము ఉపదేశించవలసిన పనిని ఆ తల్లి ముందే చేసేసింది.

యా అల్లాహ్! మా పిల్లలకు ఉపయోగపడే విద్యను ప్రసాదించు. వారి చేతులతో ఈ దేశ ప్రజలందరి ఇళ్ళను కాపాడు. ఆ చేతులు ఏ నిర్దోషి మీదా లేవకుండా కాపాడు. మా వల్ల ఎవరి చదువైనా ఆగిపోయి ఉంటే మమ్మల్ని మన్నించు. ఆమీన్.